వచ్చిపోయేవారి రుసుము, ఉన్నవారి ఖర్చు

స్థానిక సంస్థలు జనం నుంచి వసూలు చేసే సొమ్ములో పన్నులు వేరు, రుసుములు వేరు. ఆస్తి పన్ను కట్టినవారికి నేరుగా ఫలానా సేవ అందాలన్న నియమం లేదు. కుళాయి నీటి చార్జీ, సంతలో ఆశీలు, ఇంటి ప్లాను మంజూరుకు కట్టే సొమ్ము అలా కాదు. పొందిన సేవకు అవి బదులు. సుప్రీంకోర్టు 1954లో శిరూర్ మఠం కేసులో ఈ తేడాను తేల్చి చెప్పింది. రుసుముగా తీసుకున్నది ఆ సేవ ఖర్చుకే కేటాయించాలని, సాధారణ ఖజానాలో కలిపేస్తే అది పన్నే అవుతుందని ఆ తీర్పు సారాంశం. ఆంధ్రప్రదేశ్ మార్కెట్ కమిటీలు 100 రూపాయల సరుకు మీద అర్ధరూపాయిగా ఉన్న రుసుమును రూపాయికి పెంచినప్పుడు వ్యాపారులు కోర్టుకెక్కారు. శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో సుప్రీంకోర్టు 1983లో నియమాన్ని కొంత సడలించింది. పైసకు పైస లెక్క తేలనక్కరలేదని, మొత్తం మీద వసూలుకూ సేవకూ పొంతన ఉంటే చాలని చెప్పింది. పట్టు సడలిందే గానీ, పొంతన ఉండాలన్న షరతు పోలేదు.

పర్యాటకులు, యాత్రికులు ఎక్కువగా వచ్చే ఊళ్లలో ఈ పొంతనే తెగిపోతున్నది. టికెట్ సొమ్ము ఒకరికి పోతుంది. వాళ్లు పారేసిన సీసాలు, విస్తళ్లు ఎత్తే పని మరొకరిది. వచ్చినవారికి కావలసిన నీరు, మరుగుదొడ్లు, వీధి దీపాలు, మురుగు కాలువలు పంచాయతీ లేదా మున్సిపాలిటీ చూసుకోవాలి. ఆ ఖర్చుకు ఆధారం అక్కడ కాపురముంటున్నవారి ఇంటి పన్ను, పైనుంచి వచ్చే గ్రాంట్లు.

స్థానిక సంస్థలు తమంతట తాము వేసుకోగల రుసుములు చాలా తక్కువ. 73, 74వ రాజ్యాంగ సవరణలతో వచ్చిన 243-హెచ్, 243-ఎక్స్ అధికరణాలు పంచాయతీలకు, పురపాలక సంఘాలకు పన్నులు, రుసుములు వేసే అధికారం ఇవ్వవచ్చని అంటాయి. ఇవ్వాలో లేదో నిర్ణయించేది రాష్ట్ర శాసనసభ. 2016లో వచ్చిన 101వ సవరణ ఆ పరిధిని ఇంకా కుదించింది. రాష్ట్ర జాబితాలో 52వ అంశంగా ఉన్న, ఊళ్లోకి వచ్చే సరుకుల మీద ప్రవేశ పన్నును తొలగించింది. హోటల్ గదుల మీద రాష్ట్రాలు వేసుకునే విలాస పన్ను 2017 జూలైలో జీఎస్టీలో కలిసిపోయింది. ఇప్పుడు గది అద్దె మీద వచ్చే జీఎస్టీని కేంద్ర, రాష్ట్ర ఖజానాలు పంచుకుంటాయి. ఆ హోటల్ ముందు వీధి ఊడ్చే మున్సిపాలిటీకి అందులో నేరుగా ఏమీ రాదు. జపాన్‌లో క్యోటో నగరం 2018 నుంచి బస చేసేవారి దగ్గర రాత్రికి ఇంతని పన్ను తీసుకుంటున్నది. అలాంటి పన్ను వేద్దామన్నా మన పట్టణాలకు దారి లేదు. వాటికి మిగిలింది 62వ అంశం. వినోదాల మీద పన్ను పంచాయతీలు, మున్సిపాలిటీలు వేసి వసూలు చేసుకుంటే చెల్లుతుందని 101వ సవరణే ఆ అంశాన్ని తిరగరాసింది. ఈ అవకాశం గురించి తెలుగు రాష్ట్రాల్లో జరగవలసినంత చర్చ జరగలేదు.

స్థానిక రుసుమును స్థానికంగా నిర్ణయించకపోతే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ పట్టణాలు చెత్త పన్ను విషయంలో చూశాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్త సేకరణకు వాడుక రుసుము నిర్ణయించుకోవాలని స్థానిక సంస్థలకు చెప్పాయి. 2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంతో పాటు ఆ రుసుము అమలులోకి వచ్చింది. పట్టణాన్ని, పేటను బట్టి ఇంటికి నెలకు 30 నుంచి 120 రూపాయలు. దుకాణాలకు, హోటళ్లకు అంతకన్నా ఎక్కువ. చెత్త ఎత్తడానికి డబ్బు అవుతుంది, ఆ డబ్బు ఎవరో ఒకరు ఇవ్వాలి. ఆ మేరకు రుసుము ఆలోచన తప్పు కాదు. అయితే రేటు, పద్ధతి, వాహనాల ఒప్పందం అన్నీ రాష్ట్రస్థాయిలో తయారై వచ్చాయి. కౌన్సిళ్లకు తీర్మానం చేయడమే మిగిలింది. బండి రోజూ వచ్చే వీధికీ, వారానికోసారి వచ్చే వీధికీ అదే రేటైనప్పుడు జనం దాన్ని రుసుమని ఎలా అనుకుంటారు? 2024లో ప్రభుత్వం మారింది, ఆ వసూలు రద్దయింది. రద్దు నిర్ణయమూ పైనుంచే వచ్చింది. రెండుసార్లూ మున్సిపాలిటీలు నిర్ణయాన్ని అమలు చేశాయే తప్ప తీసుకోలేదు. వసూలు ఆగినా చెత్త ఆగదు, కార్మికుల జీతాలు ఆగవు.

తిరుపతిలో ఈ బరువు మరీ ఎక్కువ. 2011 జనగణన ప్రకారం నగర జనాభా 3 లక్షల లోపు. కొండ మీద ఒక్కరోజులో దర్శనం చేసుకునేవారు మామూలుగా 60 వేల నుంచి 80 వేల మంది. వారిలో చాలామంది వస్తూనో పోతూనో నగరంలో ఆగుతారు, తింటారు, పడుకుంటారు. 2023 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలి తన బడ్జెట్‌లో 1 శాతాన్ని నగరాభివృద్ధికి ఇవ్వాలని తీర్మానించింది. ఆ ఏడాది దేవస్థానం బడ్జెట్ సుమారు 4,400 కోట్ల రూపాయలు. అందులో నూరో వంతు 44 కోట్లు. భక్తులు స్వామికి ఇచ్చిన సొమ్మును మున్సిపల్ పనులకు మళ్లించడమేమిటని తీవ్ర అభ్యంతరం వచ్చింది. ప్రభుత్వం తీర్మానాన్ని ఒప్పుకోలేదు. నగర పారిశుద్ధ్యానికి దేవస్థానం నిధులు ఇవ్వడం మీద వ్యాజ్యం హైకోర్టు దాకా వెళ్లింది.

ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. హుండీలో వేసేది మొక్కుబడి. దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో 1987 నాటి దేవాదాయ చట్టం చెబుతుంది. కానీ అభ్యంతరం చెప్పినవారు నగరం ఎదుర్కొంటున్న చిక్కుకు జవాబు చెప్పలేదు. యాత్రికుడు భక్తుడిగా ఇచ్చేదీ, నగరానికి అతిథిగా వాడుకున్న నీటికీ వీధికీ ఇవ్వవలసిందీ వేర్వేరు. రెండోది హుండీ నుంచి కాకుండా లాడ్జీలో, వాహనాలు నిలిపే చోట, నగరపాలక సంస్థ రసీదు మీద చిన్న మొత్తంగా తీసుకుని ఉంటే ఈ వివాదమే రాదు. పేద యాత్రికుడి మీద భారం పడకుండా ఉచిత సత్రాల్లో దిగేవారిని, బస్సులో వచ్చేవారిని మినహాయించవచ్చు. అలాంటి రుసుముకు చట్టంలో చోటు కల్పించడం శాసనసభ చేతిలో పని.

బొర్రా గుహల దగ్గర ఇదే సమస్య ఇంకో రూపంలో ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని ఈ గుహలు రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ నిర్వహణలో ఉన్నాయి. టికెట్ ఇచ్చేది ఆ సంస్థ. గుహల పైనా చుట్టూ ఉన్నవి గిరిజన గ్రామాలు, ఐదో షెడ్యూలు ప్రాంతం. ఈ పరిసర గ్రామాల్లోనే గిరిజనేతరులకు ఇచ్చిన మైనింగ్ లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ న్యాయపోరాటం చేసింది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును దేశమంతా సమత తీర్పుగానే చెప్పుకుంటుంది. షెడ్యూలు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని అన్నది ఆ తీర్పులో బాగా తెలిసిన భాగం. అంతగా చర్చకు రాని మరో భాగం ఉంది. అక్కడ జరిగే వ్యాపారం నికర లాభంలో కనీసం 20 శాతాన్ని శాశ్వత నిధిగా పక్కన పెట్టి, స్థానికుల నీటి వనరులకు, బడులకు, ఆస్పత్రులకు, పారిశుద్ధ్యానికి, రాకపోకల సౌకర్యాలకు వెచ్చించాలని కోర్టు చెప్పింది.

ఆ మాట గనుల సందర్భంలో చెప్పింది. అయినా దాని వెనుక ఉన్న న్యాయం గుహల టికెట్‌కూ సరిపోతుంది. ఒక ప్రాంతం మీద ఆదాయం వస్తున్నప్పుడు ఆ ప్రాంతంలో బతికేవారికి అందులో వాటా ఉండాలి, ఆ వాటా దయ మీద కాకుండా నియమంగా రావాలి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూలు ప్రాంతపు గ్రామసభలకు ఊరి సంతల మీద, చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద అధికారం ఇచ్చింది. పర్యాటకం పేరు అందులో లేదు. ఆ చట్టం తయారైన నాటికి మన్యానికి ఇంతమంది పర్యాటకులు వస్తారని అనుకున్నవారు తక్కువ. చలికాలం వారాంతాల్లో అరకు, లంబసింగి దారుల్లో బండ్లు బారులు తీరుతున్న ఈ రోజుల్లో, సంత మీద ఉన్న హక్కు పార్కింగ్ స్థలం మీద ఎందుకు లేదో గ్రామసభలు అడగవచ్చు. అడగాలి కూడా.

ఉన్న కాస్త అధికారాన్నీ స్థానిక సంస్థలు సరిగ్గా వాడుకోవడం లేదన్నదీ నిజమే. పంచాయతీలకు, మున్సిపాలిటీలకు పాతకాలం నుంచీ తెలిసిన పద్ధతి ఆశీలు వేలం. ఏడాదికోసారి పాట పెడతారు, పాడుకున్నవాడు వసూలు చేసుకుంటాడు. సంస్థకు ముందే సొమ్ము చేతికొస్తుంది, సిబ్బందిని పెట్టుకునే పని తప్పుతుంది. అయితే పాట మొత్తం తిరిగి రాబట్టుకోవాలనే తొందరలో బోర్డు మీద రాసిన రేటుకు మించి అడగడం, రసీదు ఇవ్వకపోవడం జరుగుతుంటాయి. ఎంతమంది వచ్చారో, ఎంత వసూలైందో కౌన్సిల్‌కు తెలియదు. లెక్క లేనిచోట వసూలుకూ సేవకూ పొంతన చూపించడం ఎలాగూ కుదరదు.

లెక్క ఉంటే రుసుము గురించిన వాదం కూడా వాస్తవాల మీద నడుస్తుందని ఇటలీలోని వెనిస్ అనుభవం చెబుతున్నది. 1951లో లక్షా 75 వేల మంది నివసించిన ఆ పాత నగరంలో 2022 నాటికి 50 వేల మంది కూడా మిగల్లేదు. రాత్రి బస చేసేవారి నుంచి 2011 నుంచీ పన్ను తీసుకుంటున్నారు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారు మాత్రం ఏమీ ఇవ్వకుండా పోతున్నారన్నది నగరవాసుల బాధ. పార్లమెంటు చట్టం అనుమతించాక నగర కౌన్సిల్ 2023లో నిబంధనలు ఆమోదించి, 2024 ఏప్రిల్ 25న వసూలు మొదలుపెట్టింది. ఆ ఏడాది ఎంచుకున్న 29 రోజుల్లో పగటి వేళ వచ్చేవారికి మనిషికి 5 యూరోలు. అక్కడ కాపురమున్నవారికి, ఉద్యోగులకు, విద్యార్థులకు, 14 ఏళ్లలోపు పిల్లలకు మినహాయింపు. సుమారు 24 లక్షల యూరోలు వచ్చాయి. ఏర్పాట్లకు అంతకన్నా ఎక్కువే ఖర్చయిందని, జనం రాక తగ్గలేదని ప్రతిపక్ష సభ్యులు నిలదీశారు. 2025లో రోజులను 54కు పెంచి, ముందుగా నమోదు చేసుకోనివారికి రుసుమును 10 యూరోలు చేశారు. 5 యూరోలకు వెనుదిరిగే పర్యాటకుడు ఉండడు కాబట్టి రద్దీ తగ్గించే సాధనంగా ఆ రుసుము విఫలమైందనే చెప్పాలి. అయినా ఎన్ని రోజులు, ఎంతమంది, ఎంత సొమ్ము అన్నది బహిరంగంగా ఉంది. విమర్శించేవారు కూడా ఆ అంకెలతోనే విమర్శిస్తున్నారు.

మన దేశంలోనే మహారాష్ట్రలోని మాథేరాన్‌లో ఇంతకన్నా సులువైన పద్ధతి ఉంది. బయటి మోటారు వాహనాలను లోపలికి రానివ్వని ఆ చిన్న కొండ ఊరి పురపాలక మండలి, వచ్చిన ప్రతి సందర్శకుడి నుంచి ప్రవేశం దగ్గర కొద్దిపాటి సొమ్ము తీసుకుని రసీదు ఇస్తుంది. వసూలు చేసేది, ఊరు ఊడ్చేది ఒకే సంస్థ.

వసూలు సంగతి అలా ఉంటే, పర్యాటకానికి పైనుంచి వచ్చే నిధుల తీరు వేరు. స్వదేశ్ దర్శన్ వంటి కేంద్ర పథకాలు, రాష్ట్రాల మూలధన వ్యయానికి 50 ఏళ్ల గడువుతో ఇచ్చే వడ్డీలేని రుణాలు ప్రధానంగా కట్టడాల కోసం. 2024లో ఆ రుణ పథకం కింద రాజమహేంద్రవరం దగ్గర అఖండ గోదావరికి 94 కోట్లు, గండికోటకు 77 కోట్లకు పైగా మంజూరయ్యాయి. మంచిదే, గండికోటలాంటి చోటు ఎప్పుడో బాగుపడవలసింది. అయితే కట్టినదాన్ని ఏటేటా నడపడానికి కావలసిన డబ్బు ఆ మంజూరులో ఉండదు. విశాఖ రుషికొండ తీరం 2020లో, పరిశుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది. 33 ప్రమాణాలు నిత్యం పాటిస్తేనే ఆ గుర్తింపు నిలుస్తుంది. నిర్వహణ లోపాల వల్ల 2025 మొదట్లో కొన్నాళ్లు ఆ జెండాను దించవలసి వచ్చింది. అంతకుముందు 2023లో మనిషికి 20 రూపాయల ప్రవేశ రుసుము పెట్టాలని పర్యాటక శాఖ అనుకుని, నిరసనలు రాగానే ఆగింది. సముద్రం ఒడ్డుకు నడిచి వెళ్లడానికి టికెట్ ఏమిటన్న జనం కోపం సరైనదే, తీరం అందరిదీ. కారు నిలిపే చోట, జల క్రీడల దగ్గర, రిసార్టుల నుంచి నిర్వహణ ఖర్చు రాబట్టే ప్రతిపాదన ముందుకొచ్చి ఉంటే అంత వ్యతిరేకత రాకపోయేది.

కావలసిన మార్పులకు రాజ్యాంగాన్ని ముట్టుకోనక్కరలేదు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో, పురపాలక చట్టాల్లో మూడు నిబంధనలు చేరిస్తే సరిపోతుంది. పర్యాటకాభివృద్ధి సంస్థ అమ్మే ప్రతి టికెట్‌లో నిర్ణీత శాతం ఆ చోటున్న పంచాయతీకో మున్సిపాలిటీకో నెలనెలా జమ కావాలి. షెడ్యూలు ప్రాంతాల్లో అది సమత తీర్పు చెప్పిన 20 శాతానికి తగ్గకూడదు. సందర్శకుల రుసుము వేయాలా వద్దా, ఎంత, ఎవరికి మినహాయింపు అన్నది కౌన్సిల్ లేదా గ్రామసభ తీర్మానంతోనే జరగాలి. వచ్చిన సొమ్మును పారిశుద్ధ్యం, నీరు, మరుగుదొడ్లకు విడిగా ఖాతా తెరిచి ఉంచాలి. ఏడాది లెక్కను వసూలు జరిగే చోటే బోర్డు మీద రాయాలి.