అర్షద్ షేక్: నంద్యాల నుంచి పారిస్ దాకా.. సీమలో రోడ్డుంది, మరి ట్రాక్ ఏది?

2024 సెప్టెంబర్ 5. అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్ మొదలైంది. శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్ కెప్టెన్లు. జిల్లా అంతా దాని గురించే మాట. సరిగ్గా అంతకు ముందు రోజు పారిస్ శివారులోని క్లిషీ-సూ-బోవా రోడ్లపై, పక్క జిల్లా నంద్యాలకు చెందిన అర్షద్ షేక్ పారాలింపిక్స్ టైమ్ ట్రయల్‌లో సైకిల్ తొక్కాడు. ఈ విషయం సీమలో ఎంతమందికి తెలిసింది? చాలా తక్కువ మందికే.

పారిస్ పారాలింపిక్స్‌లో భారత్‌కు 29 పతకాలు వచ్చాయి. వరంగల్ అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిస్తే తెలుగు రాష్ట్రాలు పండగ చేసుకున్నాయి. సైక్లింగ్‌లో మాత్రం పతకం రాలేదు. కానీ పారాలింపిక్స్ సైక్లింగ్‌లో భారత్ పోటీపడటం అదే మొదటిసారి. వెళ్లింది ఇద్దరే. ఒకరు మహారాష్ట్రకు చెందిన జ్యోతి గడేరియా, ఇంకొకరు అర్షద్.

ఎవరీ అర్షద్?

రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న అర్షద్‌కు సైక్లింగ్‌లో దారి చూపింది హైదరాబాద్‌లోని ఆదిత్య మెహతా ఫౌండేషన్. దాన్ని నడిపే ఆదిత్య మెహతా కూడా ప్రమాదంలో కాలు కోల్పోయిన సైక్లిస్టే. అక్కడ శిక్షణ తీసుకుని ఆసియా స్థాయి పతకాలు సాధించిన అర్షద్, పారిస్‌లో ట్రాక్ పోటీల్లోనూ, రోడ్డు పోటీల్లోనూ బరిలోకి దిగాడు.

పారా సైక్లింగ్‌లో రెండు చక్రాల సైకిల్ తొక్కేవారిని సీ1 నుంచి సీ5 వరకు విభజిస్తారు. నంబర్ తగ్గేకొద్దీ వైకల్యం ఎక్కువని అర్థం. అర్షద్‌ది సీ2. ఈ విభాగంలో ఒంటి కాలితో తొక్కే రైడర్లూ ఉంటారు. వాళ్లకు పెడల్‌ను కిందికి తొక్కితే సరిపోదు, అదే కాలితో మళ్లీ పైకి లాగాలి. అందుకే బూటు పెడల్‌కు లాక్ అయి ఉంటుంది.

అదే విభాగంలో ఫ్రాన్స్ స్టార్

అర్షద్ పోటీపడిన సీ2లోనే ఫ్రాన్స్ రైడర్ అలెగ్జాండర్ లియోటే ఉన్నాడు. పుట్టుకతోనే స్ట్రోక్ రావడంతో అతనికి శరీరంలో కుడివైపు బలహీనం. టోక్యోలో 3000 మీటర్ల పర్స్యూట్ స్వర్ణం అతనిదే. పారిస్‌లోనూ అతనిదే. పారిస్‌లో రోడ్డు టైమ్ ట్రయల్ స్వర్ణం కూడా అతనే పట్టుకెళ్లాడు.

లియోటే ప్రతిభను తక్కువ చేయాల్సిన పని లేదు. అయితే అతని వెనుక ఉన్నదేంటో కూడా చూడాలి. పారిస్ ట్రాక్ పోటీలు జరిగిన సెయింట్-క్వెంటిన్ ఇండోర్ వెలోడ్రోమ్ 2014లో తెరుచుకుంది. ఫ్రాన్స్ సైక్లింగ్ సమాఖ్య ఆఫీసు కూడా అక్కడే. అంటే కోచ్‌లు, అధికారులు, ట్రాక్ అన్నీ ఒకే చోట.

ట్రాక్ ఎందుకంత ముఖ్యం?

ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు. గేర్ ఒక్కటే. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, మధ్యలో కాలు ఆపడం కుదరదు. 250 మీటర్ల చెక్క ట్రాక్‌లో మలుపులు నలభై డిగ్రీలకు పైగా వాలి ఉంటాయి. స్పీడ్ తగ్గితే సైకిల్ కిందికి జారిపోతుంది. 3000 మీటర్లంటే అలాంటివి 12 రౌండ్లు. మొదటి రౌండ్‌లో ఎంత బలం వాడాలి, చివరికి ఎంత మిగుల్చుకోవాలి అనేది ఎన్నో రోజులు ట్రాక్ మీద తిరిగితేనే కాలికి తెలుస్తుంది. రోడ్డు మీద ఎన్ని వేల కిలోమీటర్లు తొక్కినా అది రాదు.

రోడ్డుకు మన దగ్గర కొదవ లేదు. కశ్మీర్ నుంచి కన్యాకుమారి వెళ్లే 44వ నంబర్ హైవే గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగానే పోతుంది. వానలు తక్కువ కాబట్టి ప్రాక్టీసు ఆగే రోజులూ తక్కువే. ఎదురుగాలి ఉచితం. లేనిది ట్రాక్ ఒక్కటే. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ ఉస్మానియా క్యాంపస్‌లో ఉన్న వెలోడ్రోమ్ 2014 విభజనతో తెలంగాణకు వెళ్లింది. అంతర్జాతీయ స్థాయి ఇండోర్ ట్రాక్ కావాలంటే 2010 కామన్‌వెల్త్ గేమ్స్ కోసం కట్టిన ఢిల్లీ వెలోడ్రోమ్ దాకా వెళ్లాలి. సీమ కుర్రాడు అక్కడ ఉండాలంటే తిండి, గది, కోచ్ అన్నీ ఖర్చే. అవన్నీ భరించగలిగినా, లక్షలు పలికే కార్బన్ సైకిల్ సంగతి వేరే.

అనంతపురం ఇప్పటికే చెప్పిన పాఠం

గ్రౌండ్ ఉంటే ఏం జరుగుతుందో ఈ జిల్లాకు కొత్తగా చెప్పక్కర్లేదు. నార్పల మండలం బండ్లపల్లి.. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించిన ఊరు. కరువు అంటే దేశానికి గుర్తొచ్చిన పేరు. అదే ఊరి అమ్మాయి బారెడ్డి అనూష ఆర్డీటీ అకాడమీలో క్రికెట్ నేర్చుకుని 2023లో టీమిండియాకు ఆడింది. 2010లో రఫెల్ నాదల్ వచ్చి టెన్నిస్ స్కూల్ ప్రారంభించింది కూడా ఈ అనంతపురంలోనే. పిల్లలు కొత్తగా పుట్టుకురాలేదు. ముందు గ్రౌండ్ వచ్చింది, తర్వాత ఆటగాళ్లు బయటపడ్డారు.

సైక్లింగ్‌కూ ఇదే వర్తిస్తుంది. మొదటిరోజే చెక్క ట్రాక్, ఏసీ స్టేడియం అక్కర్లేదు. ఎండ ఇంతగా కాసే చోట ఓపెన్ కాంక్రీట్ ట్రాక్‌తో మొదలుపెట్టొచ్చు. హైస్కూల్ ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లిచ్చిన రాష్ట్రమిది. ఆ సైకిల్ మీద ఊరూరా తిరిగే పిల్లల్లో ఎవరి కాళ్లలో దమ్ముందో చూసేవాళ్లు కావాలి. వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లోనూ అలా చూసేవాళ్లు ఒకరుండాలి.

తర్వాతి పారాలింపిక్స్ 2028లో లాస్ ఏంజెలెస్‌లో. అర్షద్ పారిస్ నుంచి పతకం తేలేదు, కానీ దారి ఉందని చూపించాడు. ఆ దారి కోసం అతను నంద్యాల నుంచి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. తర్వాత వచ్చే సీమ బిడ్డ కూడా అలాగే ఊరు వదలాల్సిందేనా?