ముందు ఖాళీ కాటా చూడాలి

మెట్లెక్కడం కూడా ఒక ప్రయోగమేనా అని మిత్రులు నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, మూడేళ్లుగా ల్యాబులో నేర్వని పాఠం ఆ మెట్ల మీద నేర్చుకున్నానని చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.

మన జేబులోని సెల్‌ఫోనులో యాక్సిలరోమీటర్ అనే బుల్లి పరికరం ఉంటుంది. త్వరణాన్ని క్షణక్షణం కొలిచి అంకెలుగా రాసిపెడుతుంది. ఫోనును నడుముకు కట్టుకుని కాలేజీ మెట్లు 44 ఎక్కాను. ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్లు, మొత్తం 6.6 మీటర్లు. నా బరువు 56 కిలోలు, పట్టిన కాలం 20 సెకన్లు. 56ను 9.8తోను, ఎత్తుతోను గుణించి కాలంతో భాగిస్తే నా సామర్థ్యం సుమారు 181 వాట్లు. హార్స్‌పవర్ అంటే 746 వాట్లు గనక నేను పావు గుర్రాన్ని కూడా కాననమాట!

ఇక ఫోను లెక్క. కదలకుండా ఉన్నా అది 9.8 చూపిస్తుంది. దాన్ని తీసేసి, నిలువు త్వరణాన్ని ఒకసారి సమాకలనం చేస్తే వేగం, రెండోసారి చేస్తే ఎత్తు రావాలి. వచ్చింది. 16.6 మీటర్లు! సామర్థ్యం 456 వాట్లు! మన కాలేజీకి అన్ని అంతస్తులెక్కడివి?

ఇక్కడే చెయ్యి దురద పెట్టింది. నిరుడు లోలకం ప్రయోగంలో జవాబు ముందు రాసుకుని, రీడింగులు వెనకనుంచి నింపిన ఘనుణ్ణి నేను. మార్కులు పూర్తిగా వచ్చాయి. ఈసారి కూడా 6.6 అని రాసేస్తే అడిగేదెవరు?

సెలవులకు ఇంటికెళ్లి నాన్నతో అన్నాను. ఆయన చదివింది అయిదో క్లాసు. "ఒరేయ్, ధాన్యం తూచేప్పుడు ముందు ఖాళీ కాటా చూడమట్రా? అది సున్నా దగ్గర లేకపోతే బస్తా బస్తాకీ నష్టమే గదా!" అన్నాడు.

నా తప్పు అదే. ఫోను సున్నాలో 0.05 తేడా ఉంది. చిన్నదేగా అనుకుంటాం. కాని రెండుసార్లు సమాకలనం చేసేసరికి ఆ తప్పు కాలం వర్గంతో పెరుగుతుంది. 20 సెకన్లలో అదే 10 మీటర్లయి కూర్చుంది.

మళ్లీ చేశాను. ఎక్కేముందు, ఎక్కాక పది సెకన్లు కదలకుండా నిలబడ్డాను. ఆ రీడింగుల సగటు తీసేశాను. చివర వేగం సున్నా కావాలి గనక మిగిలిన తేడాను సరిచేశాను. 7.1 మీటర్లు వచ్చింది. అడుగు పడినప్పుడల్లా గ్రాఫులో లేచే శిఖరాలూ లెక్కపెట్టాను. 48 వచ్చాయి. మలుపు దగ్గర సమతలం మీద వేసిన 4 అడుగులు పోతే 44. మెట్లు సరిపోయాయి!

రికార్డులో 7.1 అనే రాశాను, 195 వాట్లు అనే రాశాను. తేడా ఎందుకొచ్చిందో పక్కన రాశాను.

గురువులకు నా మనవి ఒక్కటే. రికార్డులో 'ఎక్కడ తప్పాం' అని ఒక పేజీ పెట్టించండి, దానికీ మార్కులివ్వండి. మిత్రులారా, రేపు మనలో ఒకరు భూసారం పరీక్షిస్తారు, ఒకరు మందు మోతాదు కొలుస్తారు. అక్కడ అంకెలు వెనకనుంచి నింపితే పోయేది మన మార్కులు కాదు, ఎవరి పంటో, ఎవరి ప్రాణమో. కాటా ఎవరిదైనా, ముందు ఖాళీగా చూద్దాం.

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి