నాటిన పన్ను కదలినప్పుడు

అలంపురమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు మా యెదుట నున్నది. ఆమె రెండేండ్ల క్రిందట తుంగభద్ర దాటి పోయి, క్రింది దవడకు రెండు పండ్లు నాటించుకొన్నారు. ఇప్పుడు పండ్లు తోముకొనునపుడు వానిచుట్టు రక్తము కనబడుచున్నదట. ఒకటి కొంచెము కదలుచున్నట్లును తోచుచున్నదట. “నొప్పి లేదు. అంత సొమ్ము పోసిన యింటివారితో మరల పాడైనదని యేమని చెప్పుదును?” అని యడిగినారు. ఆమె పంటికంటె ఈ మాటయే మమ్ము ఎక్కువ బాధించినది.

అమ్మా, నొప్పి లేదని ధైర్యపడకుడు. మన స్వంత పంటికిని ఎముకకును నడుమ సన్నని నారపొర కలదు. ఒత్తిడిని చప్పున తెలుపునది అదియే. నాటిన పంటికి అది లేదు. టైటానియపు మరమేకు ఎముకకే నేరుగా అతుకుకొనును. 1952లో స్వీడనుదేశపు బ్రెనెమార్కు కుందేటి యెముకలో పెట్టిన టైటానియము మరల ఊడిరాకుండుట చూచి ఈ గుణమును గుర్తించెను; 1965లో మనుష్యుని దవడలో నాటెను. అతుకు పట్టుటకు మూడు మొదలు ఆరు మాసములు పట్టును. కొందఱికి ఆ అతుకే పట్టదు. కొందఱికి పట్టిన యేండ్లకు చుట్టునున్న ఎముక కరగును. కూడవెల్లి సంగమేశ్వరాలయమును ఱాయి ఱాయి విప్పి తెచ్చి మీ యూరనే మరల నిలిపినారు గదా. ఆ గుడికి పునాది యెంతో నాటిన పంటికి ఎముక యంత.

చిగురు ఎఱ్ఱబడి, తాకగానే రక్తము వచ్చుట మొదటి మెట్టు. ఎముక యింకను చెడి యుండదు. గారయు పాచియు తీయించి, శుభ్రముగా ఉంచుకొన్నచో చాలవఱకు మానును. చీము, దుర్వాసన, చిగురు దిగి లోహము కనబడుట – ఇవి ఎముక కరగుచున్నదనుటకు గుర్తులు. కరగిన ఎముక తనంతట మరల పెరుగదు. అప్పుడు చిగురు తెఱచి శుభ్రపఱచవలసి రావచ్చును. ఏ మెట్టున నున్నదో అద్దములో చూచి చెప్పలేము. వైద్యుడు చిగురులోతు కొలిచి, క్రొత్త ఎక్స్‌రేను పాతదానితో పోల్చి చెప్పవలెను.

ఇక కదలుట. పైనున్న తొడుగును మేకునకు బిగించు చిన్న మర వదులైనను పన్ను కదలును. అట్లయిన బిగించిన చాలును, భయము లేదు. మేకే కదలినచో అది విఫలమైనట్లే. ఏ మాత్రలును దానిని మరల అతికింపజాలవు, తీసివేయవలెను. కొన్ని మాసములు మానిన పిమ్మట, అవసరమైన ఎముకపొడి నింపి, తిరిగి నాటవచ్చును. వలదనుకొన్నచో ప్రక్కపండ్ల ఆధారముతో వంతెనయో, తీసిపెట్టుకొను పండ్లో కలవు. అందు చిన్నతనము లేదు. ఈలోగా వ్రేలితో కదలించి చూడకుడు. లవంగనూనె నొప్పి నణచునే గాని రోగమును తీర్పదు. పిన్నీసుతో సందులు గెలుకుట మానుడు. అందులకు చిన్న బ్రష్షులు దొరకును. ముఖము వాచి జ్వరము వచ్చినను, మ్రింగుట కష్టమైనను, ఆనాడే పోవలెను.

పొగాకు నమలుట, చుట్ట, అదుపులేని మధుమేహము, నిద్రలో పండ్లు కొఱుకుట, మునుపటి చిగుళ్ల జబ్బు – నాటిన పండ్లకు ముప్పు తెచ్చునవి ఇవి. ఎముకలు గుల్లబారుటకు మందు పుచ్చుకొనుచున్న పెద్దవారు ఆ సంగతిని ముందే చెప్పవలెను, మఱచిపోవువారే ఎక్కువ.

మొదట నాటినవారియొద్ద ఏ కంపెనీ మేకు, ఎంత కొలత అను చీటి యడిగి పుచ్చుకొనుడు. అది లేనిదే మఱియొక వైద్యునికి తగిన పనిముట్టు వెదకుటే కష్టము. అక్కడికి పోవ మనసొప్పనిచో కర్నూలులోను హైదరాబాదులోను దంతవైద్య కళాశాలలున్నవి. ఇంటివారికి ఈ జాబును చదివి వినిపింపుడు. రక్తము కనబడిననాడే పోయినవారికి శుభ్రపఱచు ఖర్చుతో తీరిపోవచ్చును. దాచినవారికి మేకును, ఎముకయు, రెండవమాఱు సొమ్మును పోవును. ఈ వారములోనే చూపించుకొని, వైద్యుడేమనెనో మాకు వ్రాయుడు.