డోలు వాయించేవాళ్లకు పేరెందుకు ఉండదు?

పాటకు అడుగున మోగే వాద్యం వాయించేవాడికి పేరు రావాలంటే చేతి నైపుణ్యం ఒక్కటే చాలదు. మోత ఎంత వినపడాలో తేల్చే అధికారం ఎవరి దగ్గరుందన్నదే అసలు సంగతి. హెవీ మెటల్‌లో బేస్ గిటారిస్టుల కథ చూస్తే ఇది తెలిసిపోతుంది. స్టీవ్ హారిస్ తీగలు మీటే ప్లెక్ట్రమ్ ముట్టుకోడు; రెండు వేళ్లతోనే తీగల్ని గుర్రపు దౌడు తీయిస్తాడు. 1975లో ఐరన్ మైడెన్ బృందాన్ని పెట్టింది, పాటల్లో ఎక్కువ భాగం కట్టింది ఆయనే కాబట్టి ఆ దౌడును తగ్గించే సాహసం ఎవరూ చెయ్యలేదు. జేసన్ న్యూస్టెడ్‌కు ఆ వెసులుబాటు లేదు. 1986లో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి మెటాలికా బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ పోయాక అతని చోట ఆ బృందంలో చేరాడు. ఆ బృందం 1988లో తెచ్చిన ఆల్బమ్‌లో న్యూస్టెడ్ వాయించిన బేస్ చెవులు రిక్కించినా దొరకదు. అతను వాయించకపోలేదు, మిక్సింగ్‌లో తగ్గించేశారు.

ఒడిశాలోని కొరాపుట్, రాయగడ జిల్లాల ధింసా నృత్యంలో ఇలాంటి న్యూస్టెడ్‌లకు కొదవలేదు. ఆడవాళ్లు ఒకరి వీపు వెనగ్గా ఒకరు చేతులు పెనవేసుకుని వంపుగా కదులుతారు. సన్నాయి లాంటి మొహురి రాగం పైన తేలుతున్నా కాళ్లు చెవి ఒగ్గేది డోలుకే. దెబ్బ మారితే అడుగు మారుతుంది. ఆడేది పరజా, గదబ వంటి తెగలవాళ్లు. వాయించేది ఎక్కువగా డోమ్‌లు, అంటే షెడ్యూల్డ్ కులం వాళ్లు. వేదిక మీద 'గిరిజన నృత్యం' అని ప్రకటించగానే వాయించేవాడు ఆ మాట బయట నిలబడిపోతాడు. మైకు మొహురికో గాయకుడికో అందితే డోలు మరీ వెనక్కి పోతుంది. ఇక ఫోన్‌లో తీసిన వీడియో సంగతి చెప్పక్కర్లేదు, ఆ చిన్న స్పీకరు లోతు శబ్దాన్ని పలకనే పలకదు.

ధింసా పదిమంది కళ, ఒకరికి పేరు కట్టబెడితే చెడుతుంది అనేవాళ్లున్నారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. అయితే హారిస్ పేరు లోకమంతా తెలిసినా ఐరన్ మైడెన్ బృందం బృందంగానే ఉంది. పైగా అందరి పేర్లూ చెబితే ఈ చిక్కే ఉండదు. ఆడే ఆడవాళ్లకు మాత్రం పేర్లెక్కడ చెబుతున్నాం గనక? ఊళ్లో డోలు వాయించేవాడెవరో అందరికీ తెలుసుగా అంటారు ఇంకొందరు. ఊళ్లో నిజమే. కానీ కొరాపుట్ పరబ్‌కో, రాయగడ చైతి ఉత్సవానికో వచ్చేవాళ్లది ఆ ఊరు కాదు. అక్కడ పేరు చెప్పకపోతే రేపు మరో వేదికకు అతన్ని ఎవరూ పిలవరు, కళాకారుడిగా దరఖాస్తు పెట్టుకోవాలన్నా చూపించడానికి కాగితం ఉండదు. ఈ వేదికలు నడిపేది జిల్లా యంత్రాంగమే. ప్రకటనపత్రంలో వాద్యకారుల పేర్లకు ఒక వరుస, డోలుకు విడిగా ఒక మైకు పెట్టడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు.