ఆ ఫొటో తీసిందెవరు?

"మీరు చేసే విమానాల బొమ్మలు అచ్చం నిజం ఫొటోల్లా ఉంటాయి. ఆ కిటుకేమిటో మాకూ చెప్పకూడదా?" అని రాజమండ్రి పాఠకుడొకరు అడిగారు. చెబుతాను. కిటుకుతో పాటు అది నా నెత్తిమీదకి తెచ్చిన తంటా కూడా చెప్పాలి. అది లేకుండా ఇది చెప్పడం న్యాయం కాదు.

సినిమా పత్రికలో విమానాల గోలేమిటని విసుక్కోకండి. ఇదీ ట్రిక్కు ఫొటోగ్రఫీయే. 1957లో ‘మాయాబజార్’ కోసం మార్కస్ బార్ట్‌లే తెరమీద వెన్నెల కాయిస్తే నోళ్ళు తెరుచుకుని చూసిన జాతి మనది. ఆయనకి స్టూడియో కావలసి వచ్చింది. నాకు విశాఖపట్నంలో అద్దెకున్న మేడమీద గదీ, ఒక కంప్యూటరూ, అందులో ఫ్లైట్ సిమ్యులేటరూ చాలు. సిమ్యులేటరంటే ఇంట్లో కూర్చుని విమానం నడిపే ఆట. ఆట మధ్యలో ఆపి, కెమెరాని విమానం బయటికి తెచ్చి, కావలసిన కోణంలో పెట్టి మీట నొక్కితే తెరమీది బొమ్మ దక్కుతుంది. దాన్నే స్క్రీన్‌షాట్ అంటారు. వాటిని దిద్ది, తోటి పిచ్చివాళ్ళకి పంపి, వాళ్ళవి మనం చూసి ఈర్ష్యపడటం... అదీ మా కాలక్షేపం.

అందరూ బోయింగులనీ, యుద్ధవిమానాలనీ తీస్తారు. నాకు మాత్రం సైన్యం సామాన్లు మోసే విమానాలంటే మోజు. అందగత్తెలేం కాదు. లావుపాటి పొట్ట, భుజాల మీద రెక్క, తోక కింద తలుపు తెరిస్తే లోపలికి జీపులు ఎక్కేస్తాయి. యుద్ధవిమానం హీరో అనుకుంటే ఇవి క్యారెక్టర్ నటులు. వాళ్ళు లేకపోతే కథ నడవదు, పోస్టరు మీద పేరూ ఉండదు. మన వాయుసేన సి-130 ఒకటి 2013 ఆగస్టు 20న లడఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో, 16,614 అడుగుల ఎత్తున దిగింది. ఆ దృశ్యం కోసం నేను ఎన్ని రాత్రులు జాగారం చేశానో మా ఇంటివాళ్ళ కరెంటు మీటరుకే తెలుసు.

ఇక కిటుకు. కంప్యూటరు ఇచ్చే బొమ్మలో తప్పేమిటంటే, అందులో తప్పులుండవు. గీతలన్నీ కోసినట్టుంటాయి, రంగులు పెళ్ళిపందిట్లోలా మెరుస్తాయి, దూరాన ఉన్న కొండకీ దగ్గరున్న రెక్కకీ ఒకే స్పష్టత. కాబట్టి దాన్ని చెడగొట్టాలి. రంగు తగ్గించాలి. దూరంగా ఉన్నవాటి మీద కాస్త పొగమంచు పులమాలి. పాత ఫిలిం మీద ఉండే సన్నటి రవ్వ చల్లాలి. దిగంతరేఖని ఒక్క వెంట్రుకవాసి వంచాలి, చెయ్యి వణికినట్టు. అన్నిటికంటే ముఖ్యం ప్రొపెల్లరు. ఆట ఆపి తీస్తే అది ఒక్కోసారి గోడకి కొట్టిన ఫ్యానులా కదలకుండా కనిపిస్తుంది. దాన్ని గుండ్రంగా అలికితేగాని ప్రాణం రాదు.

2022లో నేనొక బొమ్మ చేశాను. వాయుసేనవారి ఎ.ఎన్.-32 కావాలనిపించింది. నా దగ్గరున్నది దాని అక్క ఎ.ఎన్.-26 నమూనా. రెంటికీ పెద్ద తేడా ఇంజన్ల దగ్గరే. వేడి ప్రాంతాల్లోనూ ఎత్తైన కొండల్లోనూ పనిచెయ్యాలని ఎ.ఎన్.-32కి ఎక్కువ బలమున్న ఇంజన్లూ, పెద్ద ప్రొపెల్లర్లూ పెట్టారు. అవి తగలకుండా ఇంజన్లని రెక్క పైకి ఎక్కించారు. నేనూ రెండు రాత్రులు కూర్చుని, బొమ్మలో ఇంజన్లు కోసి రెక్క మీద అతికించాను. కింద బంగాళాఖాతం, పైన వర్షాకాలపు మబ్బు, ఉదయపు ఎండ. మూలన చిన్న అక్షరాలతో ‘సిమ్యులేటరు బొమ్మ’ అని రాశాను. చూస్తే అందం చెడినట్టనిపించింది. చెరిపేసి పంపించాను. ఒక్క క్షణం పని.

ఇక్కడొక సంగతి గుర్తుచెయ్యాలి. 2016 జూలై 22 ఉదయం 8.30కి తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి బయలుదేరిన వాయుసేన ఎ.ఎన్.-32 సముద్రం మీద మాయమైపోయింది. అందులో 29 మంది. వారిలో ఎనమండుగురు మా విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు అంటామే, ఆ ఎన్.ఏ.డి. ఇదే. ఏడున్నరేళ్ళ తరవాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున శకలాలు కనబడ్డాయని ప్రకటించారు.

ఆ వారమే, మేడ దిగుతుంటే మా ఇంటాయన పిలిచారు. ఆ డిపోలోనే పనిచేసి రిటైరైన మనిషి, పోయినవాళ్ళలో కొందరిని ఎరిగినవాడు. బాబాయిగారూ అంటాను.

"ఏటి బాబూ, ఇది చూసేవా?" అని ఫోను చేతికిచ్చారు.

నా బొమ్మే! కింద దీపం, పక్కన పూలదండ. ‘ఆ విమానం ఆఖరి ఫొటో’ అని ఎవరో రాశారు.

"ఇది బయట్నించి తీసేరు కదా. అంటే పక్కన ఇంకో ఇమానం ఉండాలి. ఏటైందో ఆళ్ళు చూసుంటారు కదా? ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటావ్?"

నాకు నోట మాట రాలేదు. "ఎవరో ఆకతాయిలు లెండి" అన్నాను. అన్నది అబద్ధం కాదు. ఆకతాయి ఎవరో చెప్పలేదంతే.

ఆ రాత్రి కింద నుంచి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. పాత సహోద్యోగులకి ఒకరి తరవాత ఒకరికి ఫోన్లు. "పక్క ఇమానం... పక్క ఇమానం..." అందరూ కలిసి ఢిల్లీకి అర్జీ పెట్టాలనుకుంటున్నారు. ఏడున్నరేళ్ళుగా ఎవరికీ దొరకని సాక్షిని నేను రెండు రాత్రుల్లో తయారుచేసి ఇచ్చానన్నమాట. పది గంటలకి దిగి తలుపు కొట్టాను.

మేడమీదికి తీసుకొచ్చి అసలు స్క్రీన్‌షాట్ చూపించాను. ఇంజన్లు కింద, సముద్రం నీలిమందు కలిపినట్టు, ప్రొపెల్లర్లు కదలకుండా. ఆ పక్కన నేను దిద్దినది. ఆయన చాలాసేపు మొదటిదే చూశారు.

"ఇది బొమ్మలాగే ఉంది కదా బాబూ. ఇలాగే వదిలేస్తే ఏటి నష్టం?"

నా దగ్గర జవాబు లేదు. అక్కడే నిలబడి ఒక స్నేహితుడికి ఫోను చేశారు. "ఒరే, పక్క ఇమానం లేదురా. మా మేడమీద కుర్రోడు గీసిన బొమ్మంట." అవతల మనిషి ఏమన్నాడో నాకు వినబడలేదు. ఈయన గొంతులో కోపముంటే బాగుండేది.

మర్నాడు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, సంగతి రాసి అందరికీ పంపాను. దీపం, దండ ఉన్నదే ఇప్పటికీ తిరుగుతోంది. జూలై వచ్చిందంటే ఎవరో ఒకరు నాకే పంపిస్తారు, నమస్కారం పెట్టి మరీ.

నేనొక్కణ్ణే కాదని సమాధానపడదామంటే అవకాశం లేకపోలేదు. 2017 నవంబరులో రష్యా రక్షణ శాఖే, అమెరికా మీద ఆరోపణకి సాక్ష్యమంటూ బయటపెట్టిన చిత్రాల్లో ఒకటి ఫోనుల్లో ఆడుకునే ఎ.సి.-130 ఆటలోది. ఈ సి-130కే తుపాకులు బిగిస్తే అయ్యే విమానమది. జనం పట్టుకున్నాక తీసేసి, ఎవరో ఉద్యోగి పొరపాటన్నారు. కానీ అంత పెద్ద శాఖ పొరపాటుకీ నా పొరపాటుకీ తేడా ఉంది. నాకు తప్పు తోయడానికి ఉద్యోగి లేడు.

మార్కస్ బార్ట్‌లే వెన్నెలని చూసి ఎవరూ పంచాంగం తిరగెయ్యలేదు. టిక్కెట్టు కొనుక్కుని, హాల్లో కూర్చుని, చీకట్లో చూశారు. మా బొమ్మలకి టిక్కెట్టూ లేదు, హాలూ లేదు. ఎవరి చేతిలో పడితే వాళ్ళ కథ వాటికి అంటుకుంటుంది.

కనక, రాజమండ్రి మిత్రమా, ప్రొపెల్లరు అలకండి, రవ్వ చల్లండి, నాకు అభ్యంతరం లేదు. నేనూ మానలేదు. కాని ‘సిమ్యులేటరు బొమ్మ’ అన్న మాట మూలన పెట్టకండి, మూల కత్తిరించడం చాలా తేలిక. రెక్క మీదుగా అడ్డంగా రాయండి. తోటి పిచ్చివాళ్ళు, బంగారంలాంటి బొమ్మ పాడుచేశావని నన్ను తిడుతున్నారు. పాడైన మాట నిజమే.

మొన్న కొత్తగా చేసిన సి-130 బొమ్మని బాబాయిగారికి చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టి, ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, "అక్షరాలు ఇంకాస్త పెద్దవి రాయి బాబూ, మాలాటోళ్ళకి ఆనవు" అన్నారు.