బెత్తం కాదు, పాఠం ఇవ్వండి

"గురువుకి రంగేమిటి?" అని అడిగేవాళ్ళు అమెరికాలోనూ ఉన్నారు. ఆ గొంతు మాకు కొత్త కాదు. "రచయితకి మతమేమిటి?" అని మమ్మల్నీ అడిగారు. అందుకే అక్కడి నల్ల టీచర్ల గోడు మేం చెవొగ్గి వింటాం.

1954లో బ్రౌన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు నల్లపిల్లల్ని విడిగా కూచోబెట్టే సర్కారీ బడులు చెల్లవంది. గొప్ప తీర్పే. కానీ అమలు ఎవరి చేతుల్లో పడింది? దక్షిణాదిన నల్లవాళ్ళ బడులు మూసేశారు. పిల్లల్ని తెల్లవాళ్ళ బడుల్లో చేర్చుకున్నారు. వాళ్ళ పంతుళ్ళనీ హెడ్మాస్టర్లనీ మాత్రం వేల సంఖ్యలో ఇంటికి పంపారు. కలుపుకోవడమంటే ఇదేనా? ఇవాళ ఆ దేశపు సర్కారీ బడుల టీచర్లలో నల్ల మగవాళ్ళు నూటికి ఇద్దరైనా లేరు.

ఉన్న ఆ కొద్దిమందికీ అప్పజెప్పే పనేమిటి? నగరాల బడుల్లో అల్లరి చేసిన నల్ల కుర్రాణ్ణి వాళ్ళ గదికి తోలడం. 'మీవాడే, మీరే దారికి తెండి' అనడం. లెక్కలు చెప్పడానికొచ్చినవాడు కాపలాదారుడై మిగులుతున్నాడు. దీన్ని గౌరవమంటే మేం ఒప్పుకోం. పాతబెత్తం చెయ్యి మారింది, అంతే.

రంగొక్కటే చాలని మేమూ అనం. 1994లో గ్లోరియా లాడ్సన్ బిల్లింగ్స్ 'ది డ్రీమ్‌కీపర్స్' అనే పుస్తకం రాశారు. నల్లపిల్లలకి చక్కగా చదువు చెప్పిన ఎనిమిదిమంది టీచర్ల గురించి. అందులో ముగ్గురు తెల్లవాళ్ళే. పిల్లల ఇంటిభాషని తప్పని కొట్టెయ్యకుండా దాని మీంచే బడిభాషకి నడిపించాలని, వాళ్ళ పేటనీ తాతల కథనీ పాఠంలోకి తేవాలని, వాళ్ళు చదవగలరన్న నమ్మకం సడలనివ్వకూడదని ఈ బోధన చెప్తుంది. ఏడాదికోసారి వేదికెక్కించి పాట పాడిస్తే అది సంస్కృతిని గౌరవించడం కాదు.

మరి నల్ల మగ టీచరే ఎందుకంటారా? వీధిలో తననీ అనుమానంగా చూసే కళ్ళు అతనికి తెలుసు. కుర్రాడి మౌనం పొగరో భయమో అతనికొకరు విడమర్చి చెప్పక్కర్లేదు. 2010లో ఓక్లాండ్ నగరం నల్ల కుర్రాళ్ళ కోసం నల్ల మగ టీచర్లతో ప్రత్యేక క్లాసులు మొదలెట్టింది. శిక్షగా కాదు, టైంటేబుల్లో ఒక సబ్జెక్టుగా. తమ చరిత్ర చదువుకుంటూ తమ బతుకు గురించి మాట్లాడుకునే గంట అది. ఆ క్లాసులున్న బడుల్లో చదువు మానేసే నల్ల కుర్రాళ్ళు తగ్గారని 2019లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది.

లౌకిక మిత్రులారా! గురువుకి రంగు లేదనకండి. ఇన్నాళ్ళూ బడిలో ఒకే రంగు ఉంది గనక అది రంగని ఎవరికీ తోచలేదు. నల్ల టీచర్ చేతిలోని బెత్తం వెనక్కి తీసుకోండి. పాఠం ఇవ్వండి. ఆ పాఠంలో ఏముండాలో తేల్చే కుర్చీ కూడా ఇవ్వండి. అప్పుడు చెప్పండి, అందరం సమానమని.