పొగ ఒకరిది, జుర్మానా ఇంకొకరిది

2026 జనవరి 1 నుంచి ఐరోపా దేశాల కూటమి ఒక కొత్త సుంకాన్ని అమల్లోకి తెచ్చింది. ఇనుము-ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు - ఈ ఆరు రకాల సరుకులు బయటి దేశాల నుంచి తమ గడపలోకి వస్తే, వాటి తయారీలో ఎంత బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిందో లెక్కగట్టి, టన్నుకింత అని వసూలు చేస్తారు. దీనికి సరిహద్దు కర్బన సుంకం అని పేరు పెట్టారు. 2023 అక్టోబరు నుంచి రెండేళ్లకు పైగా లెక్కలు మాత్రమే అడిగారు. ఇప్పుడు పైసలు అడుగుతున్నారు. 2026లో దిగిన సరుకుకు 2027లో కట్టించుకుంటారు.

భూగోళం వేడెక్కుతున్నది, దాన్ని ఆపడానికే ఈ సుంకం అని వారు చెబుతున్నారు. మాట మంచిదే. కాని ఆ మాట ఎవరు అంటున్నారు, ఎవరిని అంటున్నారు, వసూలైన సొమ్ము ఎవరి పెట్టెలో పడుతున్నది - ఈ మూడు ప్రశ్నలు అడగాలె.

షాద్‌నగర్ కూలోనికి ఐరోపా సుంకంతో ఏం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. పని ఉన్నది. సరుకు మీద పడిన ఏ భారమైనా పైనున్నవాడు భరించిన దాఖలా చరిత్రలో లేదు. అది మెట్టుమెట్టుకూ దిగి, చివరికి చెమటోడ్చే వాని నెత్తి మీదనే నిలుస్తుంది.

బట్టీ ఎవరిది, మేడ ఎవరిది?

ఇటుక బట్టీ సంగతి మనకు తెలిసిందే. పట్నంలో ఒక ఆసామి మూడంతస్తుల మేడ కడతాడు. దానికి కావలసిన ఇటుక మన ఊరి శివారులో కాలుతుంది. మన్ను మనది, పొగ మనది, దగ్గు మనది. మేడ ఆసామిది. ఇప్పుడు పట్నం ఆసామి గాలి శుభ్రంగా ఉన్నదని, ఊరి గాలి చెడిపోయిందని, కనుక ఊరోళ్లే జుర్మానా కట్టాలని ఎవరైనా తీర్పు చెబితే ఒప్పుకుంటామా?

ప్రపంచ వ్యాపారంలో జరుగుతున్నది ఇదే. ఐక్యరాజ్యసమితి ఒప్పందాల కింద ప్రతి దేశం తన సరిహద్దు లోపల వెలువడిన పొగనే లెక్క చూపుతుంది. ఆ పొగతో తయారైన సరుకును ఎవరు వాడుకున్నారన్నది ఆ లెక్కలో రాదు. కాని ప్రపంచంలో వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు అయిదోవంతు నుంచి నాలుగోవంతు దాకా ఒక దేశంలో తయారై ఇంకో దేశంలో వాడే సరుకుల వల్ల పుడుతున్నదే. ధనిక దేశాలు ముప్పై నలభై ఏళ్లుగా పొగ వచ్చే పనులను ఆసియా దేశాలకు నెట్టి, తయారైన సరుకును తెప్పించుకుంటున్నాయి. తమ పొగ తగ్గిందని చాటింపు వేసుకుంటున్నాయి. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

షాద్‌నగర్‌లోనే జాతీయ దూర సంవేదన కేంద్రం వారి భూకేంద్రం ఉన్నది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల చిత్రాలు అక్కడికే దిగుతాయి. ఏ చెరువు ఎండింది, ఏ అడవి తగలబడింది, ఏ పంట వాడింది అన్నీ ఆ యంత్రాలు పట్టిస్తాయి. కాని ఒక చిమ్నీ నుంచి లేస్తున్న పొగ ఎవరి సుఖం కోసం లేస్తున్నదో ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. ఆ లెక్క మనుషులు తీయాలె. మనవైపు నిలబడి తీయాలె.

పాత బాకీ మాటేమిటి?

గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు సాయంత్రానికి మాయమయ్యేది కాదు. వందల ఏళ్లు నిలిచి ఉంటుంది. కాబట్టి ఈ ఏడాది పొగ ఒక్కటి చూస్తే చాలదు, పాత ఖాతా తీయాలె. బొగ్గు యుగం మొదలైనప్పటి నుంచి ఇప్పటిదాకా ప్రపంచం వదిలిన వాయువులో అమెరికా వాటా దాదాపు నాలుగోవంతు. ఐరోపా కూటమి, బ్రిటన్ కలిసి అయిదోవంతుకు పైనే. ప్రపంచ జనాభాలో ఆరోవంతు ఉన్న భారతదేశం వాటా మూడు శాతం చిల్లర. నేటికీ తలకు లెక్కేస్తే అమెరికావాడు ఏడాదికి సుమారు 14 టన్నులు, ఐరోపావాడు దాదాపు 6 టన్నులు, మనవాడు 2 టన్నులు వదులుతున్నాడు.

1992లో రియో నగరంలో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఒక సూత్రానికి ఒప్పుకున్నాయి. బాధ్యత అందరిదీ, కాని అందరిదీ ఒకే మోతాదు కాదు; ఎక్కువ చెడగొట్టినవారు, ఎక్కువ శక్తి ఉన్నవారు ఎక్కువ మోయాలన్నది ఆ సూత్రం. కర్బన సుంకం ఈ సూత్రాన్ని పక్కకు నెట్టింది. సరుకు ధనిక దేశం నుంచి వచ్చినా, పేద దేశం నుంచి వచ్చినా, టన్ను పొగకు ధర ఒక్కటే అంటున్నది. అత్యంత పేద దేశాలకు కూడా మినహాయింపు ఇవ్వలేదు.

ఇంకో సంగతి గమనించండి. ఐరోపాలో కర్బన సంత 2005లో మొదలైంది. పొగ వదలాలంటే పర్మిట్లు కొనుక్కోవాలన్నారు. కాని అక్కడి ఉక్కు, సిమెంటు కంపెనీలకు అందులో అత్యధిక భాగాన్ని ఏళ్ల తరబడి ఉచితంగా పంచారు. మిగిలిపోయిన పర్మిట్లను అమ్ముకుని లాభాలు దండుకున్న కంపెనీలూ ఉన్నాయి. ఆ ఉచిత పంపకం 2034 నాటికి గాని పూర్తిగా పోదు. తమ షావుకార్లకు ముప్పై ఏళ్ల గడువు, మనకు రెండేళ్ల నోటీసు! గడీ కట్టడానికి దొర అడవంతా కొట్టించి, ఆ తర్వాత అడవి కొట్టిన నేరానికి కూలోనికి జుర్మానా వేసిన కథ మన తెలంగాణ పల్లెలకు కొత్తది కాదు.

పైసలు ఎటు పోతాయి?

సుంకం లెక్క ఇట్లా ఉంటుంది. టన్ను ఉక్కుకు రెండు టన్నుల వాయువు లెక్క పడిందనుకుందాం. ఐరోపా సంతలో టన్ను వాయువు ధర 70 యూరోలనుకుందాం. అంటే టన్ను ఉక్కు మీద 140 యూరోలు, మన లెక్కలో సుమారు 14 వేల రూపాయలు. మొదటి ఏళ్లలో ఇందులో కొంత భాగమే వసూలు చేస్తారు. ఏటా పెంచుకుంటూ 2034కు పూర్తి మొత్తం గుంజుతారు. మన ఇనుము, ఉక్కు, అల్యూమినియం ఎగుమతుల్లో దాదాపు నాలుగోవంతు ఇటీవలి కాలంలో ఐరోపాకే పోతున్నది. 2025 డిసెంబరులో ఇనుముతో, అల్యూమినియంతో తయారైన మరెన్నో వస్తువులకు కూడా దీన్ని పొడిగించాలని ప్రతిపాదించారు. ఈ రోజు కడ్డీ, రేపు నట్టు బోల్టు, ఎల్లుండి పత్తి బట్ట కాదని ఎవరు చెప్పగలరు?

వచ్చిన సొమ్ము ఎండకు మాడుతున్న దేశాలకు పోతుందా? పోదు. అది ఐరోపా ఖజానాకే పోతుంది. ఇక్కడే అసలు అన్యాయం బయటపడుతుంది.

మన సంగతే చూడండి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామన్నది. వడదెబ్బ ఎవరికి తగులుతుంది? మిట్టమధ్యాహ్నం కలుపు తీసే ఆడకూలీకి, రోడ్డు మీద తారు పోసే పాలమూరు లేబరుకు, రాయి కొట్టేవానికి, గొర్ల కాపరికి. దేశంలోని ఎన్నో ప్రాజెక్టులకు మన్ను మోసి, సిమెంటు కలిపి కట్టింది పాలమూరు కూలీలే. కట్టిన కాలువ నీళ్లు వారి చేనుకు రాలేదు, కట్టిన కరెంటు వారి గుడిసెకు ఆలస్యంగా వచ్చింది, దాని వేడి మాత్రం ముందుగా వచ్చింది. ఆ 4 లక్షలూ తెలంగాణ ప్రజల సొమ్ములోంచే ఇవ్వాలె. ఉక్కు మీద వసూలైన యూరోల్లో ఒక్క పైసా దానికి రాదు.

మన దొరలకు గొడుగు పట్టాలా?

ఇక్కడిదాకా చదివి, అయితే సుంకం మీద మన షావుకార్లు పెడుతున్న కేకలకు మనమూ గొంతు కలపాలన్నమాట అని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు.

తలకు 2 టన్నులు అనేది సగటు. సగటు అనేది పెద్ద మాయ. పది కార్లున్నవానిని, కాలినడకన కూలికి పోయేవానిని కలిపి భాగిస్తే ఇద్దరికీ అయిదేసి కార్లు వస్తాయి! 2019లో ప్రపంచంలోని అతి ధనికులైన ఒక్క శాతం జనం 16 శాతం పొగకు కారణమని ఆక్స్‌ఫామ్ సంస్థ లెక్క తేల్చింది. మనదేశంలోనూ అటువంటివారున్నారు. కొత్తూరు గుడిసెలో కట్టెల పొయ్యి ఊదే తల్లి పేదరికాన్ని అడ్డం పెట్టుకుని ఢిల్లీలో, జెనీవాలో మినహాయింపు అడుగుతారు. మినహాయింపు వస్తే లాభం తమది, రాకపోతే నష్టం మనది.

నష్టం మన మీదికి ఎట్లా వస్తుంది? మొదటిది, ఎగుమతి లాభం తగ్గిందని కాంట్రాక్టు కార్మికుల కూలి కోస్తారు. రెండోది, సౌరవిద్యుత్తుతో, తుక్కు కరిగించి చేసిన శుభ్రమైన సరుకును ఐరోపాకు పంపి, బొగ్గుతో చేసిన సరుకును ఇక్కడ అమ్ముతారు. సన్న బియ్యం పట్నానికి, నూకలు మనకు అన్నట్టే. పొగ మొత్తం ఏమీ తగ్గదు, చిరునామా మారుతుంది, అంతే. మూడోది, కొత్త పద్ధతుల కోసం పెట్టుబడి పెద్ద గుత్త సంస్థలకు దొరుకుతుంది. 32 మంది ప్రాణత్యాగంతో సాధించుకున్న విశాఖ ఉక్కు లాంటి ప్రభుత్వ కర్మాగారానికి, సొంత గనులు కూడా లేని దానికి, ఎవరిస్తారు?

మన ఇలాకా సంగతి చూద్దాం. జడ్చర్ల మండలం పోలేపల్లిలో 2003 నుంచి దాదాపు వెయ్యి ఎకరాలు రైతుల చేతుల్లోంచి పోయాయి. అందులో దళితులకు, వెనకబడిన కులాలకు ఇచ్చిన అసైన్డ్ భూములున్నాయి. అక్కడ ప్రత్యేక ఆర్థిక మండలి పెట్టి మందుల కంపెనీలను దింపారు. ఆ మందుల్లో పెద్ద భాగం విదేశాలకు పోతుంది. మందు వాళ్లకు, భూమి పోయిన బాధ, కలుషిత నీళ్ల భయం మనకు. షాద్‌నగర్ దగ్గర బూర్గుల శివారు గాజు కర్మాగారంలో 2024 జూన్ 28న పేలుడు జరిగి కనీసం అయిదుగురు కార్మికులు చనిపోయారు. వారు బయటి రాష్ట్రాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవారు. ఏ సుంకపు లెక్కలోనూ ఆ ప్రాణాలకు గడి లేదు.

నల్లగొండ వైపు చూస్తే దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం లేచింది. మన బోరు మోటారు కూడా చాలావరకు బొగ్గు కరెంటుతోనే తిరుగుతున్నది. ఇది దాచవలసిన విషయం కాదు. బొగ్గు నుంచి బయటపడాలె. కాని సింగరేణి కార్మికుణ్ని, రైతును రోడ్డున పడేసి కాదు.

సుంకం అక్కడ కట్టే బదులు మనమే ఇక్కడ పన్ను వేసుకుంటే సొమ్ము ఇక్కడే ఉంటుంది కదా అని కొందరు పండితులు అంటున్నారు. ఇక్కడ కట్టిన ధరను ఐరోపావారు తగ్గించుకుంటారు, నిజమే. కాని బొగ్గు సెస్సు అనుభవం మరవకూడదు. 2010లో స్వచ్ఛ ఇంధనం కోసమని టన్ను బొగ్గుకు 50 రూపాయలు మొదలుపెట్టి, 2016కు 400 చేశారు. 2017లో దాన్ని జీఎస్టీ పరిహార ఖాతాకు మళ్లించారు. 2025 సెప్టెంబరులో ఆ సెస్సే ఎత్తేసి, బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. ఆ సొమ్ముతో ఏ కూలీ ఇంటి కప్పు మీద సౌరపలక వెలసింది? పేరు గాలిది, పైసలు ఖజానావి. గాదె కింద పందికొక్కులు మారలేదు.

మనం అడగవలసినవి

రైతు కూలీ సంఘాలు, కార్మిక సంఘాలు ఈ విషయాన్ని పండితుల చర్చగా వదిలేయరాదు. ఈ కింది మాటలు ఊరూరా గ్రామసభల్లో చర్చకు పెట్టాలె:

ఒకటి - సరుకు వాడుకున్న దేశం పొగలో వాటా మోయాలె. వాడుక లెక్క, పాత బాకీ లెక్క రెండూ అంతర్జాతీయ ఒప్పందాల్లోకి రావాలె.

రెండు - సుంకం ద్వారా వసూలైన సొమ్ము పేద దేశాల ప్రజలకు తిరిగి రావాలె. శుభ్రమైన ఉక్కు, సిమెంటు తయారీ విజ్ఞానాన్ని పేటెంట్ల సంకెళ్లు లేకుండా ప్రభుత్వరంగ సంస్థలకు ఇవ్వాలె.

మూడు - దేశంలో కర్బనం మీద ఏ పన్ను వేసినా దానికి వేరే ఖాతా ఉండాలె. లెక్క ప్రజల ముందు పెట్టాలె. భారం ధనికుల వాడకం మీద పడాలె గాని కూలీ కిరోసిన్ డబ్బా మీద, బస్సు టికెట్టు మీద కాదు.

నాలుగు - కొత్తూరు, నందిగామ, జడ్చర్ల కర్మాగారాలు ఐరోపా కొనుగోలుదారుకు ఇచ్చే పొగ లెక్కను తెలుగులో గ్రామసభకూ ఇవ్వాలె. పరదేశి షావుకారుకు చెప్పగలిగిన నిజం పక్క ఊరికి చెప్పడానికి అభ్యంతరం ఏమిటి?

అయిదు - ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపి, కూలి కోయకుండా ఇవ్వాలె. నీడ, నీళ్లు, మందు యజమాని బాధ్యత కావాలె.

ఐరోపా దొరతనాన్ని ఎదిరించాలె. దాని పేరు చెప్పుకుని తప్పించుకునే మన దొరతనాన్నీ నిలదీయాలె. ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని పట్టుకుంటే రెండూ మన నెత్తినే కూర్చుంటాయి. పొగ ఎవరి లాభం కోసం లేచిందో వానితోనే జుర్మానా కట్టించే దాకా ఈ పోరాటం ఆగరాదు.